మీ రోబోటిక్స్ టీమ్ పేరు మార్చాలా? తేల్చుకునేదెలా, మారిస్తే ఎలా మార్చాలి

ఏప్రిల్‌లో హ్యూస్టన్‌లో ఫస్ట్ రోబోటిక్స్ ఛాంపియన్‌షిప్ అయిపోయి, అక్కడిదాకా వెళ్లినవాళ్లూ వెళ్లనివాళ్లూ గ్యారేజీల్లో సామాన్లు సర్దుకునే రోజుల్లో, ప్రతి ఏడాదీ ఏదో ఒక టీమ్ నుంచి నాకు ఇదే ప్రశ్న వస్తుంది: "అంకుల్, మా టీమ్ పేరు మార్చుకోవచ్చా?" నేను డాలస్ దగ్గర ఉంటాను. మా పిల్లల కోసం, ఫస్ట్ అనే సంస్థ పిల్లలకు పెట్టే ఈ రోబోటిక్స్ పోటీల్లోకి వచ్చాను, వాళ్లు కాలేజీకి వెళ్లిపోయాక కూడా మెంటర్‌గా ఉండిపోయాను. ఒకసారి పేరు మార్చుకున్న టీమ్‌తో ఉన్నాను, ఇంకోసారి మారుద్దామని మొదలుపెట్టి ఆగిపోయిన టీమ్‌తోనూ ఉన్నాను. రెండూ సరైన నిర్ణయాలే అని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఎందుకో, ఎలాగో వరసగా రాస్తున్నా. ఇది ముఖ్యంగా పిల్లల కోసమే గానీ, మీ అమ్మానాన్నలతో కూడా చదివించండి, ఎందుకంటే పేరు దగ్గర పంతాలు వచ్చేది ఎక్కువగా పెద్దవాళ్లకే.

ముందు నంబరు సంగతి తెలుసుకోండి

పేరు మారిస్తే మన పాత రికార్డంతా పోతుందేమో అన్న భయం చాలామందికి ఉంటుంది. పోదు. ఫస్ట్‌లో చిన్న రోబోల పోటీ ఎఫ్‌టీసీ (ఫస్ట్ టెక్ ఛాలెంజ్) అయినా, పెద్ద రోబోల పోటీ ఎఫ్‌ఆర్‌సీ (ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్) అయినా టీమ్ నమోదు చేసుకున్నప్పుడు ఒక నంబరు ఇస్తారు, టీమ్ నడిచినంత కాలం అదే నంబరు. మ్యాచ్ షెడ్యూల్లో ఉండేది నంబరే, రోబో మీద కనిపించేది నంబరే. స్టాండ్స్‌లో కూర్చుని స్కౌటింగ్ చేసే, అంటే ఎవరితో జట్టు కట్టాలో తేల్చుకోవడానికి మిగతా టీమ్‌ల ఆట రాసుకునే పిల్లల మాటలు ఒక పది నిమిషాలు వినండి, "టూ ఫిఫ్టీ ఫోర్ మనల్ని పిక్ చేస్తుందా" అంటారు గానీ "చీజీ పూఫ్స్ పిక్ చేస్తుందా" అనడం తక్కువ. చీజీ పూఫ్స్ అంటే కాలిఫోర్నియాలో శాన్ హోసే బెల్లార్మిన్ స్కూలు టీమ్, నంబరు 254. ప్రపంచంలో ఎక్కడి ఎఫ్‌ఆర్‌సీ పిల్లాడికైనా 254 అంటే చాలు.

మన లెక్కలో చెప్పాలంటే నంబరు ఇంటిపేరు లాంటిది. బారసాల రోజు బియ్యంలో రాసిన పేరు ఒకటి, ఇంట్లో పిలిచేది ఇంకొకటి, బళ్లో రాయించింది మరొకటి అయినా ఇంటిపేరు అదే ఉంటుంది కదా, అలాగే టీమ్ పేరు మారినా నంబరు కింద మీ అవార్డులు, మీ మ్యాచ్‌లు, మీరు ఏ ఏడాది మొదలుపెట్టారన్నది అంతా అలాగే ఉంటుంది. పేరు మార్చినంత మాత్రాన రూకీ (మొదటి ఏడాది) టీమ్ అయిపోరు. కాబట్టి ఆ టెన్షన్ ముందే తీసేయండి. పేరు మార్చడం సాధ్యమేనా అన్న అనుమానం అక్కర్లేదు, అవసరమా అన్నదొక్కటే చూసుకోండి.

ఎఫ్‌ఆర్‌సీ వాళ్లకు ఇంకో మాట. మీకు అధికారికంగా రెండు పేర్లుంటాయి. ఒకటి స్పాన్సర్ల పేర్లు, స్కూలు పేరు కలిపి రాసే పొడుగాటి పేరు, రెండోది అందరూ పిలిచే పేరు. మనం మాట్లాడుకుంటున్నది రెండో దాని గురించి. మొదటిది స్పాన్సర్లు మారినప్పుడల్లా ఎలాగూ మారుతూనే ఉంటుంది.

కారణం ఒక్క వాక్యంలో రాయండి, ఎవరికి వాళ్లు

మీటింగ్ పెట్టి "మార్చాలా వద్దా" అని అడగొద్దు. ముందు గట్టిగా మాట్లాడిన ఇద్దరి మాటే అందరి మాట అయిపోతుంది. ఒక్కొక్కరికి ఒక చీటీ ఇచ్చి, పేరు రాయక్కర్లేదని చెప్పి, "ఈ పేరుతో నీకున్న ఇబ్బంది ఏంటి, ఒక్క వాక్యం" అని రాయించండి. ఇబ్బంది లేకపోతే లేదని రాయమనండి.

మా టీమ్ సంగతి చెప్తాను. మాది స్కూలు టీమ్ కాదు, గ్యారేజీలో మొదలైన ఎఫ్‌టీసీ టీమ్. మొదలుపెట్టిన ఆరుగురు పిల్లలు తమ పేర్లలో మొదటి అక్షరాలు ఆరూ కలిపి ఒక మాట చేసుకున్నారు, వినడానికి బానే ఉండేది. నాలుగైదేళ్లు తిరిగేసరికి ఆ ఆరుగురూ కాలేజీలకు వెళ్లిపోయారు, టీమ్‌లో అంతా కొత్తవాళ్లు. ఒక క్వాలిఫయర్‌లో (తొలి అంచె పోటీలో) అవార్డులు తేల్చే జడ్జీల గదిలో ఐదు నిమిషాల ప్రెజెంటేషన్ చక్కగా చెప్పేశారు, ఆ తర్వాత ప్రశ్నలు. ఒక జడ్జి మామూలుగానే అడిగింది, "మీ పేరుకి అర్థం ఏంటి?" అని. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "అవి ముందు ఉన్నవాళ్ల పేర్లలో అక్షరాలు" అని చెప్పింది. జడ్జి నవ్వి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది. దాని వల్ల మార్కులేమీ పోలేదు, అవార్డు కూడా వచ్చింది. కానీ ఇంటికి వస్తుంటే కారులో వెనక సీట్లోంచి ఆ అమ్మాయి అంది, "అంకుల్, ఆ పేరులో నా అక్షరం లేదు."

ఆ తర్వాత చీటీలు రాయిస్తే దాదాపు అందరూ వేరే వేరే మాటల్లో అదే రాశారు. ఒకరు చెబితే రాసింది కాదు, ఎవరికి వాళ్లు రాసిందే. అలా వేరువేరుగా ఒకే మాట వస్తే అది నిజమైన కారణం.

ఆ కారణం ఏ రకందో చూడండి

నాకు తెలిసి మూడు రకాలుంటాయి, మూడింటికీ చేయాల్సింది వేరు.

మొదటిది, పేరు ఎవరినైనా నొప్పించేది అయితే. దీనికి ఓటింగ్ పెట్టకండి, మార్చేయండి. అమెరికాలో చాలా స్కూలు టీమ్‌ల పేర్లు స్కూలు మాస్కట్‌ని బట్టి వస్తాయి, ఆ మాస్కట్లలో కొన్ని ఇక్కడి మూలవాసుల్ని బొమ్మలు చేసినవి. కాలిఫోర్నియా 2015లో చట్టం చేసి, 2017 జనవరి నుంచి ప్రభుత్వ స్కూళ్లలో రెడ్‌స్కిన్స్ (ఎర్రతోలు వాళ్లు) అన్న పేరు వాడకూడదంది. అదే పేరుతో దశాబ్దాల పాటు ఆడిన వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు 2020లో దాన్ని వదిలేసింది. క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ జట్టు ఇండియన్స్ అన్న పాత పేరు వదిలి 2022 సీజన్ నుంచి గార్డియన్స్ అయింది. కోట్ల డాలర్ల వ్యాపారం, తరాల అభిమానులు ఉన్నవాళ్లే మార్చుకున్నప్పుడు పదిహేను మంది పిల్లల టీమ్‌కి టీషర్టుల ఖర్చు అడ్డం కాకూడదు. ఇంత పెద్ద విషయం కాకపోయినా, టీమ్‌లో ఒక్క పిల్లకో పిల్లాడికో ఆ పేరు వల్ల అవమానంగా ఉంటే, లేదా అమ్మాయిలు చేరాక కూడా టీమ్ పేరులో "బాయ్స్" అనో ఇంకేదో మిగిలి ఉంటే, దాన్నీ ఇందులోకే లెక్కేయండి. ఒక్కరి బాధ కదా అని పదిమంది ఓట్లతో కొట్టేయడం న్యాయం కాదు.

రెండోది, పేరు మీకు సరిపోకుండా పోయిన సందర్భం. మా అక్షరాల పేరు ఇలాంటిదే. స్కూలు పేరు పెట్టుకుని తర్వాత మూడు స్కూళ్ల పిల్లలు చేరినా, ఊరు పేరు పెట్టుకుని వేరే ఊరికి మారినా, పేరులోనే స్పాన్సర్ ఉండి ఆ స్పాన్సర్ వెళ్లిపోయినా ఇదే. ఇక్కడ తొందర లేదు, నిదానంగా మాట్లాడుకుని తేల్చుకోవచ్చు. మార్చడమే ఖాయం అని కూడా కాదు. కెనడాలో సెయింట్ క్యాథరిన్స్‌లోని గవర్నర్ సిమ్కో స్కూలు వాళ్లు ఆ స్కూలు పేరులోని ముక్క తీసుకునే సింబాటిక్స్ అయ్యారు, ఈరోజు 1114 సింబాటిక్స్ అంటే ఎఫ్‌ఆర్‌సీలో తెలియనివాళ్లు లేరు, ఆ స్కూలు సంగతి తెలియనివాళ్లు మాత్రం చాలామంది. అంటే పేరు పుట్టిన చోటు మరుగున పడినా పేరు సొంతంగా నిలబడగలదు. మీ పేరు అలా నిలబడిందా, లేక ప్రతిసారీ సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తోందా? ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఇదే.

మూడోది, విసుగు. లేదా ఓటమి. ఇది చాలా ఎక్కువ, బయటికి మాత్రం వేరే కారణంలా కనిపిస్తుంది. నేను చెప్పిన రెండో టీమ్ సంగతి ఇదే. సెమీఫైనల్స్‌లో రోబో చెయ్యి విరిగి ఓడిపోయారు, ఆ సాయంత్రమే పక్క పిట్ (టీమ్‌లు రోబో బాగుచేసుకునే చోటు) పిల్లలెవరో పేరు విని నవ్వారట, సోమవారం మీటింగ్‌కల్లా "పేరు మార్చేద్దాం" అని కూర్చున్నారు. నేను కాదనలేదు, ఔననలేదు. జూన్ మొదటి వారంలో మళ్లీ మాట్లాడుకుందాం అని క్యాలెండర్‌లో రాయించాను. జూన్‌లో ఆ మాట ఎత్తింది ఒక్కడే, వాడు కూడా "లోగో మారిస్తే చాలేమో అంకుల్" అన్నాడు. కొత్త లోగో గీసుకున్నారు, పేరు అలాగే ఉంది, ఆ తర్వాత ఎవరూ ఆ పేరు గురించి సిగ్గుపడటం నేను చూడలేదు. కాబట్టి ఓడిపోయిన వారంలో పేరు గురించి ఏ నిర్ణయమూ తీసుకోకండి. నాలుగు వారాల తర్వాత కూడా అదే కారణం అంతే బలంగా ఉంటే అప్పుడు చూద్దురు.

ఎవరిని అడగాలి, ఎవరికి ఓటు

నా అభిప్రాయం సూటిగా చెప్తాను, ఒప్పుకోనివాళ్లు ఉంటారని తెలుసు. వచ్చే సీజన్‌లో ఆ టీషర్టు వేసుకునేవాళ్లకే ఓటు. మెంటర్లకు లేదు, తల్లిదండ్రులకు లేదు, మే నెలలో గ్రాడ్యుయేట్ అయి వెళ్లిపోయే పన్నెండో తరగతి వాళ్లకు కూడా లేదు. వాళ్లందరి మాటా వినాలి, ఓటు మాత్రం ఉండేవాళ్లది. వచ్చే ఏడాది చేరబోతున్నారని మీకు ఖాయంగా తెలిసిన చిన్నపిల్లలుంటే వాళ్లనూ పిలవండి, పేరుతో ఎక్కువ కాలం ఉండేది వాళ్లే.

పాత పిల్లల్ని అడగడం మాత్రం మర్చిపోవద్దు. ఇది మర్యాద కోసం చేసే పని అనుకోకండి. మేం ఆ ఆరుగురినీ జూమ్‌లోకి పిలిచాం. ఐదుగురు "మీ ఇష్టం రా, మీ టీమ్" అన్నారు. ఒకబ్బాయి ఏం మాట్లాడలేదు, కెమెరా ఆపేసుకున్నాడు. రెండు రోజుల తర్వాత నాకు ఫోన్ చేసి, "తప్పు లేదంకుల్, కానీ నాకు ఎందుకో ఇల్లు అమ్మేసినట్టుంది" అన్నాడు. ఆ మాట నేను పిల్లలకు చెప్పాను, చెప్పాలి కూడా. వాళ్లు అది విని నిర్ణయం మార్చుకోలేదు గానీ చేసే పద్ధతి మార్చుకున్నారు, అది కింద చెప్తా.

స్కూలు టీమ్ అయితే ప్రిన్సిపాల్‌నో, రోబోటిక్స్ చూసే టీచర్‌నో ముందే అడగండి. స్కూలు డబ్బు, స్కూలు మాస్కట్ ముడిపడి ఉంటే పిల్లలు ఓటేసి వచ్చాక "కుదరదు" అనిపించుకోవడం చాలా చేదుగా ఉంటుంది. స్పాన్సర్లను అనుమతి అడగక్కర్లేదు, కానీ బయటివాళ్ల ద్వారా వాళ్లకు తెలియకూడదు, మీరే చెప్పాలి.

ఎప్పుడు

వేసవిలో. ఎఫ్‌టీసీ కొత్త సీజన్ సెప్టెంబర్‌లో మొదలవుతుంది, ఎఫ్‌ఆర్‌సీ జనవరిలో. మే, జూన్ నెలల్లో మాట్లాడుకుని, జూలై ఆఖరుకి తేల్చేసి, టీషర్టులు ఆర్డర్ పెట్టకముందే అయిపోవాలి. సీజన్ మధ్యలో మారిస్తే జడ్జీలకు ఇచ్చే పోర్ట్‌ఫోలియోలో ఒక పేరు, బ్యానర్ మీద ఒక పేరు, అనౌన్సర్ చదివేది ఇంకో పేరు అవుతుంది. నొప్పించే పేరు ఒక్కటే దీనికి మినహాయింపు.

అలాంటప్పుడు కొత్త పేరు ఇంకా దొరకలేదని పాతదాన్ని పట్టుకుని వేలాడకండి. వాషింగ్టన్ జట్టు 2020, 2021 రెండు సీజన్లూ ఉత్త "వాషింగ్టన్ ఫుట్‌బాల్ టీమ్" అని ఆడింది, 2022 ఫిబ్రవరిలో గానీ కమాండర్స్ అన్న పేరు పెట్టుకోలేదు. మీకూ నంబరు ఉంది. ఒక సీజన్ "టీమ్ ఫలానా నంబరు" అని టీషర్టు మీద పెద్దగా వేసుకుని తిరిగినా ఏ లోటూ ఉండదు.

కొత్త పేరు ఎలా వెతకాలి

ఇది పిల్లలకు ఇష్టమైన భాగం, ఎంత టైమ్ అయినా తినేస్తుంది. రెండు వారాలు గడువు పెట్టండి. ఎవరైనా ఎన్నైనా రాయొచ్చు. తర్వాత ఒక్కో పేరునీ కింది పరీక్షలకు పెట్టండి.

అరిచి చూడండి. గ్యారేజీ ఆ మూల ఒకరు, ఈ మూల ఒకరు నిలబడి, షాప్ వ్యాక్యూమ్ ఆన్ చేసి, పేరు గట్టిగా అరవండి. అవతలివాళ్లకు అర్థమైతే స్టాండ్స్‌లోనూ అర్థమవుతుంది. నాలుగు ముక్కల పేర్లు ఇక్కడే పడిపోతాయి.

ఫోన్‌లో స్పెల్లింగ్ చెప్పండి. టీషర్టు షాపువాళ్లకు, హోటల్ వాళ్లకు, చెక్కు రాసే స్పాన్సర్‌కు మీరు ఈ పేరు ఏడాది పొడుగునా చెప్పాలి. అక్షరం బదులు అంకె పెట్టి స్టయిల్‌గా రాసే పేర్లు కాగితం మీద బాగుంటాయి, ఫోన్‌లో ప్రాణం తీస్తాయి. మన తల్లిదండ్రుల్లో కొందరు న్యూమరాలజీ ప్రకారం ఇంకో "ఏ" చేర్చమంటారు. వాళ్ల నమ్మకాన్ని తక్కువ చేసి మాట్లాడకుండా, పేరు వెతికేవాడు మామూలు స్పెల్లింగే కొడతాడని, అప్పుడు టీమ్ దొరకదని నెమ్మదిగా చెప్పండి.

మొదటి అక్షరాలు కలిపి చదవండి. మూడు మాటల పేరుని ఎవరో ఒకరు పొట్టిగా రాస్తారు. అలా రాస్తే ఏ బూతు మాటో వస్తే ఇక ఆ పేరు వద్దు. టీమ్‌లో ఎన్ని ఇళ్ల భాషలున్నాయో అన్నిటిలోనూ వినిపించి చూడండి, స్పానిష్, మాండరిన్, తమిళం, ఏదైనా.

వెతకండి. టీమ్ నంబరు ఒక్కరికే ఉంటుంది గానీ పేరు ఇంకొకరికి ఉండకూడదని లేదు, ఒకే పేరుతో వేరే రాష్ట్రంలో టీమ్ ఉండొచ్చు. ఎఫ్‌ఆర్‌సీ అయితే టీమ్‌ల వివరాలుండే ద బ్లూ అలయెన్స్ సైట్‌లో చూడండి. అమెరికా ట్రేడ్‌మార్క్ ఆఫీసు సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు, అక్కడా చూడండి. సినిమా హీరోల పేర్లు, బొమ్మల కంపెనీల పేర్లు, ఆటల్లో పాత్రల పేర్లు వద్దు. ఇప్పుడెవరూ అడగకపోవచ్చు, మీరు టీషర్టులు అమ్మి విరాళాలు సేకరించే రోజున అడగొచ్చు.

ఇక మన పిల్లలు ఎక్కువగా ఉన్న టీమ్‌లకు ఒక మాట. అగ్ని, వజ్ర, గరుడ లాంటి పేర్లు ప్రతి జాబితాలోనూ వస్తాయి. నాకు అవి ఇష్టమే. కానీ రెండు చూసుకోండి. టీమ్‌లో మన ఇళ్ల పిల్లలు కానివాళ్లుంటే ఆ పేరు వాళ్ల నోట్లోంచి కూడా గర్వంగా రావాలి, జడ్జి అడిగితే ఆ పిల్లలు కూడా అర్థం చెప్పగలగాలి. ఊరికే తల ఊపితే ఒప్పుకున్నట్టు కాదు. రెండోది, దేవుడి పేర్లు. ఒక టీమ్ వాళ్లు హనుమాన్ అని పెట్టుకుంటామంటే ఊరినుంచి వచ్చి ఉన్న ఒక పిల్లాడి అమ్మమ్మ అడిగింది, "ఆ బండి బోర్లా పడితే కాలితో తంతారు కదా నాన్నా, దాని మీద స్వామి పేరు రాస్తారా?" అని. పిల్లలకు ఆ ఆలోచనే రాలేదు, విన్నాక వాళ్లే మార్చుకున్నారు. మీకు పట్టింపు లేకపోవచ్చు, మీ స్టాండ్స్‌లో కూర్చునే పెద్దవాళ్లకు ఉండొచ్చు.

గొప్పగా వినిపించే పేర్లు, ఎవరూ ఓడించలేరనీ రారాజులనీ అర్థం వచ్చేవి, నేనైతే వద్దంటాను. పేరు గొప్ప ఊరు దిబ్బ అనిపించుకోవడానికి ఒక్క మ్యాచ్‌లో వైఫై పోతే చాలు. మీ చోటుకీ మీ పనికీ ముడిపడిన పేరైతే ఎప్పుడూ పాతబడదు. టెక్సాస్‌లోనే లీగ్ సిటీలో 118 వాళ్లు రోబోనాట్స్. పక్కనే నాసా జాన్సన్ స్పేస్ సెంటర్, అక్కడ తయారైన మనిషి ఆకారపు రోబో పేరే రోబోనాట్. గ్రీన్‌విల్‌లో 148 వాళ్లు రోబోరాంగ్లర్స్, టెక్సాస్‌లో పశువుల్ని కాచే రాంగ్లర్ అందరికీ తెలిసిన మనిషే. పేరు వినగానే ఊరు కళ్లముందుకొస్తుంది. అయితే చీజీ పూఫ్స్ అన్న పేరులో ఊరూ లేదు, ఇంజనీరింగూ లేదు, అయినా వాళ్ల రోబో ఫీల్డ్‌లోకి వస్తే అందరూ లేచి చూస్తారు. కాబట్టి సరైన పేరు దొరకలేదని కుంగిపోకండి, రోబో బాగా చేస్తే పేరుకి అర్థం అదే వస్తుంది.

ఓటు

చీటీల మీద, రహస్యంగా. రెండు విడతలు పెట్టండి. మొదటి విడతలో కొత్త పేర్లలోంచి ఒక్కటి తేల్చండి. రెండో విడతలో ఆ కొత్త పేరు, పాత పేరు, రెండే. పాతదాన్ని ఉంచుకోవడం అన్న వీలు చీటీ మీద స్పష్టంగా ఉండాలి, చాలా టీమ్‌లు ఇది మర్చిపోయి "ఏ కొత్త పేరు" అనే అడుగుతాయి. కొత్తదానికి మూడింట రెండొంతులు వస్తేనే మార్చండి. తొమ్మిదిమందికి ఐదుగురు అంటే నలుగురు ఏడాదంతా ఇష్టంలేని టీషర్టు వేసుకుంటారు. రెండు విడతల మధ్య కనీసం వారం ఉంచండి, ఆ వారమంతా మీటింగుల్లో కొత్త పేరుతోనే పిలుచుకోండి. మా పిల్లలు మొదటి విడతలో గెలిచిన పేరుని వారం వాడి చూసి, నోరు తిరగట్లేదని వదిలేసి రెండోదానికి వెళ్లారు.

మార్చాలని తేలితే, ముందు జాబితా

ఒక కాగితం మీద పేరు ఎక్కడెక్కడ ఉందో రాయండి. టీషర్టులు, బ్యానర్, పిట్ బోర్డు, బటన్లు, రోబో మీద స్టిక్కర్లు, వెబ్‌సైట్, ఈమెయిల్, ఇన్‌స్టా, యూట్యూబ్, టూల్‌బాక్స్, బ్యాటరీ చార్జర్ల మీద లేబుళ్లు, బ్యాంక్ అకౌంట్. మాది ఒకటిన్నర పేజీ వచ్చింది. ప్రతిదాని పక్కన ఎవరు, ఎంత ఖర్చు అని రాస్తే మొత్తం ఎంతవుతుందో తెలుస్తుంది. అంత డబ్బు మోటార్లకు పెట్టొచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు, అడగనివ్వండి, అది న్యాయమైన ప్రశ్న. బటన్లు, స్టిక్కర్లు పాతవి అయిపోయేదాకా వాడి, టీషర్టులు ఎలాగూ ప్రతి ఏడాదీ కొత్తవి వేయిస్తారు కాబట్టి అప్పుడు మారిస్తే, నిజంగా అదనపు ఖర్చు బ్యానర్ ఒక్కటే.

ఫస్ట్ సైట్‌లో టీమ్ డాష్‌బోర్డ్‌లో పేరు మార్చడం లీడ్ కోచ్ చేయాలి, కొత్త సీజన్ రిజిస్ట్రేషన్ చేసేటప్పుడే చేసేయండి. బూస్టర్ క్లబ్ (తల్లిదండ్రులు నడిపే సహాయ సంఘం) ద్వారానో స్కూలు ద్వారానో డబ్బు వస్తుంటే చెక్కు ఎవరి పేరు మీద రాయాలన్నది మారదు, ఆ మాట స్పాన్సర్లకు చెప్పండి. టీమ్‌కే సొంతంగా నాన్‌ప్రాఫిట్ ఉంటే ముందు రాష్ట్రం దగ్గర పేరు సవరణ, ఆ తర్వాత ఐఆర్ఎస్‌కి (పన్నుల శాఖకి), బ్యాంకుకి తెలియజేయడం. పేరు మారితే మామూలుగా ఈఐఎన్ (పన్నుల శాఖ ఆ సంస్థకిచ్చిన నంబరు) మారదు. ఈ పని ఒక పెద్దవాళ్లకు అప్పగించండి, పిల్లలకు పెట్టకండి.

స్పాన్సర్లకు రాసే ఉత్తరం నాలుగు వాక్యాలు చాలు. మేం ఫలానా నంబరు టీమ్, నంబరు అదే. పేరు ఇది నుంచి ఇదయింది. ఎందుకంటే ఇది. మీ లోగో కొత్త బ్యానర్ మీద అదే చోట ఉంటుంది. ఈ చివరి వాక్యమే వాళ్లు చూసేది. కింద పిల్లలందరూ సంతకాలు పెట్టండి.

పాత ఇన్‌స్టా, పాత వెబ్ అడ్రస్ వదిలేయకండి. వదిలేస్తే ఇంకెవరో తీసుకుని ఏదైనా పెట్టొచ్చు, మీ పాత లింకులన్నీ అక్కడికే పోతాయి. కనీసం రెండేళ్లు మీ దగ్గరే ఉంచి కొత్తదానికి దారి మళ్లించండి. మొదటి సీజన్ అంతా కొత్త పేరు కింద చిన్న అక్షరాల్లో "ఇంతకుముందు ఫలానా" అని రాయండి. ఎఫ్‌టీసీ పోర్ట్‌ఫోలియోకి కవర్ కాకుండా పదిహేను పేజీలే ఇస్తారు, అందులో పేరు మార్పుకి నాలుగు లైన్లు మించి ఖర్చు పెట్టకండి, కానీ ఆ నాలుగు లైన్లు మాత్రం రాయండి. టీమ్ ఎలా నిర్ణయాలు తీసుకుంటుందో జడ్జీలకు చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ప్రతి ఈవెంట్‌లో పొద్దున్నే ఒకరు వెళ్లి అనౌన్సర్‌ని కలిసి పేరు పలికి వినిపించి రావాలి. డాష్‌బోర్డ్‌లో మారినా ఆయన నోట్లో పాతదే ఉండొచ్చు. జనం వెంటనే మారరు, దానికి నొచ్చుకోకండి. రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరం అయింది, మా మేనత్త ఇప్పటికీ టికెట్ రాజమండ్రికే తీయమంటుంది. ఫస్ట్ వాళ్లే ఎఫ్‌ఆర్‌సీలో అన్నిటికంటే పెద్ద అవార్డుని 2023 సీజన్ నుంచి ఛైర్మన్స్ అవార్డు బదులు ఇంపాక్ట్ అవార్డు అంటున్నారు, పాత మెంటర్ల నోట ఇంకా ఛైర్మన్స్ అనే వస్తుంది. అసలు ఎఫ్‌టీసీయే మొదట్లో ఫస్ట్ వెక్స్ ఛాలెంజ్ అన్న పేరుతో నడిచింది, ఇప్పటి పిల్లలకు ఆ సంగతే తెలియదు. మీది కూడా రెండు సీజన్లలో అలాగే సర్దుకుంటుంది.

మార్చకూడదని తేలితే

అప్పుడు కూడా పని ఉంది. పేరు కథ తెలిసినవాళ్లతో ఒక పేజీ రాయించి, కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ మొదటి వారమే చదివించండి. జడ్జి అడిగితే ఎవరైనా చెప్పగలగాలి. కొత్తదనం కావాలన్న ఆశ తీరడానికి రోబోకి పేరు పెట్టండి, అది ప్రతి ఏడాదీ కొత్తదే కాబట్టి ప్రతి ఏడాదీ నామకరణం చేసుకోవచ్చు, ఎవరికీ ఉత్తరాలు రాయక్కర్లేదు.

పాత పేరుని ఏం చేయాలి

పాత బ్యానర్ చెత్తలో వేయకండి. మొదలుపెట్టిన పిల్లల్లో ఎవరికి కావాలో అడిగి ఇవ్వండి. మా బ్యానర్ ఫోన్ చేసిన ఆ అబ్బాయికే పోస్టులో పంపాం. టీషర్టులు రోబో తుడవడానికి వాడతామన్నారు పిల్లలు, నేను వద్దన్నాను, ఇప్పుడు ఒక్కో సైజుదీ ఒకటి అట్టపెట్టెలో ఉంది.

మా ఎర్ర టూల్‌బాక్స్ మూత మీద తెల్ల వినైల్ అక్షరాలు ఆరు ఉండేవి. ఒక ఆదివారం పిల్లలు హెయిర్ డ్రైయర్‌తో వేడిచేసి, పాత క్రెడిట్ కార్డు అంచుతో ఒక్కొక్కటీ లేపారు. ఎండకి మూత రంగు వెలిసిపోయింది గానీ అక్షరాల కింద ఎరుపు అలాగే ఉంది, తెల్లవి పోయాక ఎర్ర అక్షరాలు ఆరూ ఇంకా బాగా కనిపించాయి. దాని మీద కొత్త పేరు స్టిక్కర్ వేయడానికి తెచ్చారు. "నా అక్షరం లేదు" అన్న అమ్మాయే స్టిక్కర్ చేతిలో పట్టుకుని కాసేపు చూసి, దాన్ని మూత మీద కాకుండా పక్కన, హ్యాండిల్ కింద అంటించింది.